జరగనివాటి ఖాతా

నాలుగు గీతల భుజపట్టీలు విప్పి
బల్ల సొరుగులో పెట్టి ఇవాళ్టికి పదకొండో రోజు.
ఈ గదికి కిటికీ ఉంది గానీ
అది పక్క గోడ మొహంలోకి తెరుచుకుంటుంది.
రన్‌వే కనబడదు, వినబడుతుంది.
ఇంజన్ ఎంత గొంతు చించుకుందో విని
అడ్డగాలి ఎంతుందో చెప్పేయగలను,
ఇప్పుడు నన్నెవరూ అడగరు.

నా పేరు దెయొలిందా ఫుర్తాదు.
అజోర్స్ దీవుల మధ్య పంతొమ్మిదేళ్లు
పంకాల విమానం తిప్పాను.
కొన్ని దీవుల మధ్య దూరం
ఒక కాఫీ చల్లారేంత.
చక్రాల్లాంటి జున్ను ముద్దలు, పెళ్లి గౌను,
డయాలిసిస్‌కి వెళ్లే ముసలి జాలరి,
ఒకసారి వెనక అరలో శవపేటిక,
ముందు సీట్లలో బెల్టులు బిగించుకుని
ఏడవకుండా కూర్చున్న నలుగురు.
పీకు కొండ మబ్బు టోపీ పెట్టిందంటే
గాలి మాట మార్చబోతోందని అర్థం.
ఇది ఏ చెక్‌లిస్టులోనూ లేదు.

"వైద్య పరీక్షలో తప్పావా?" అన్నాడు వాల్దెమార్.
కుర్చీలో కూర్చున్న పైలట్‌ని చూస్తే
అందరికీ జబ్బే గుర్తొస్తుంది.
కాఫీ తాగుతావా అన్నాను.

చేతులు కాలకముందే ఆకులు పంచే ఉద్యోగం ఇది.
కాలని చేతులకి ఆకులెందుకని
అందరూ చిరాకు పడతారు.

కాగితాలొస్తాయి.
ఏప్రన్ మీద మూడో దీపం వెలగడం లేదు.
అక్టోబరు రాత్రుల్లో కగార్రు పిల్లలు
దీపాలే చంద్రుళ్లనుకుని రన్‌వే మీద వాలుతున్నాయి.
మెకానిక్ జెఫెరీనుది ఒకటి, పెన్సిలుతో:
"నా టార్చి కనబడటం లేదు.
రాత్రి మూడు విమానాల్లో చేతులు పెట్టాను.
మూడింటినీ ఆపండి."

ఆపాం.
నూట యాభై మంది తిట్టుకున్నారు,
ఒకావిడ మనవడి బాప్తిజం తప్పిపోయింది.
టార్చి మధ్యాహ్నం దొరికింది,
అతని ఇంట్లో, సంచిలో, రొట్టె కింద.
"ఆ టార్చి ఖరీదెంతో తెలుసా?" అని డైరెక్టరు
అంకె వేసి చూపించాడు.
నేను జెఫెరీనుకి కృతజ్ఞతల ఉత్తరం రాశాను.
అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు,
నమ్మినట్టు లేదు.

"ఈ ఏడు ఎన్ని ప్రమాదాలు ఆపావు?"
ఇది డైరెక్టరు రెండో ప్రశ్న.
జరగనిది ఏ పద్దులో రాయాలి?
అది ఇంటికెళ్లిపోతుంది,
బూట్లు విప్పుకుంటుంది,
పులుసు వేడి చేసుకుని తింటుంది.

నిన్న పాత బీరువా దులిపాను.
మూడేళ్ల నాటి మార్చి, కో-పైలట్ రిపోర్టు.
రాసింది ఇలీదియు, చిన్న అక్షరాలు.
"వేగం ఎక్కువ, ఎత్తు ఎక్కువ అని
కెప్టెన్‌కి రెండుసార్లు చెప్పాను.
చూస్తున్నానంది. చూడలేదనుకుంటాను.
రన్‌వే చివరన ఆగాం."
మీద నీలం ముద్ర: చర్య అవసరం లేదు.
కెప్టెన్ పేరు దగ్గర ఖాళీ.

ఆ ఖాళీలో నేనున్నాను.

ఆ రోజు దింపడాన్ని
ఎన్ని విందుల్లో వడ్డించానో!
గాలి ఎలా తన్నిందో, నేనెలా లొంగదీశానో
ఫోర్కు గాల్లో తిప్పి మరీ చూపించాను.
ఒక్కసారైనా ఆ కథలో
పక్క సీట్లో కుర్రాడు లేడు.
అతను నోరు తెరిచాడనీ లేదు.

ఇలీదియు ఇప్పుడు కెప్టెన్, ఎడమ సీట్లో.
అతని పక్కన కూర్చునే పిల్ల
రెండుసార్లు చెప్తుందో, ఒకసారి చెప్పి ఊరుకుంటుందో.

జవాబు మొదలుపెట్టాను.
"మూడేళ్లు ఆలస్యమైంది" దగ్గర
కలం ఆగింది. ఖాళీలో ముందు నా పేరు రాశాను.
తర్వాతి వాక్యం ఇంకా రాలేదు.

బయట సాయంత్రపు విమానం దిగుతోంది.
చక్రాలు నేలని తాకాయి,
లేచి, మళ్లీ తాకాయి.

రేపు పొద్దున కాగితాల్లో
ఎవరైనా రాస్తారేమో చూడాలి.